ఏ కబురూ రాని రోజుల్లో ప్రార్థన ఎలా చేయాలి, రోజు ఎలా గడపాలి

చెడ్డ వార్త వచ్చిన రోజు కన్నా, ఏ వార్తా రాని రోజులే మనిషిని ఎక్కువ నలిపేస్తాయి. వార్త వచ్చేస్తే ఏడుస్తాం, నలుగురికి ఫోన్లు చేస్తాం, ఆ తర్వాత ఏం చేయాలో చూసుకుంటాం. స్కాన్ రిపోర్టు ఇంకా రాలేదు, ఉద్యోగాలు ఎవరివి పోతాయో ఇంకా చెప్పలేదు, కోర్టు వాయిదా మళ్లీ పడింది అన్నప్పుడు ఏడవడానికీ కారణం దొరకదు, నవ్వడానికీ మనసు రాదు.

మా సంఘంలో ప్రార్థన కోరి వచ్చే ఆడవాళ్లతో కూర్చోవడం నా వంతు పని. నేను పాస్టర్‌ని కాను, బైబిలు కాలేజీ గడప తొక్కలేదు. లెక్కలు చూసే ఉద్యోగం నాది. వచ్చేవాళ్లలో చాలామంది అనే మాట ఒకటే: "అక్కా, మోకరిస్తే మాటలు రావట్లేదు. నాకు విశ్వాసం తగ్గిపోయిందేమో." మా ఆయన కంపెనీలో కొంతమందిని తీసేస్తామని చెప్పి, పేర్లు మాత్రం బయటపెట్టకుండా నాన్చిన రోజుల్లో నా పరిస్థితీ అదే. అప్పుడు నాకు పనికొచ్చినవీ, ఆ తర్వాత వాళ్లకు పనికొచ్చినవీ ఇక్కడ రాస్తున్నాను. ఇవి చేస్తే వార్త మంచిదే వస్తుందని నేను చెప్పను. అది వచ్చేదాకా మనిషి నిలబడటానికి ఇవి.

ముందు ఫిర్యాదు చేయండి

కష్టంలో ఉన్నవాళ్లకు మనం సాధారణంగా చెప్పేది "స్తుతించు, స్తుతిస్తే భారం పోతుంది" అని. స్తుతి మంచిదే. కానీ గొంతులో ఏడుపు అడ్డం పడి ఉన్నప్పుడు స్తుతి మాటలు పెదవుల దాకానే వస్తాయి. కీర్తనల గ్రంథంలో ఉన్న 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలు, ఫిర్యాదులు. దేవుడి మొహం మీద అడిగిన ప్రశ్నలు అవి. వాటిని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు, మనమే దాటేసి చదువుతున్నాం.

13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లో ప్రశ్నలు తప్ప ఇంకేమీ లేవు: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" తర్వాతి రెండింటిలో అడగడం ఉంటుంది, నా మీద దృష్టి పెట్టు, నాకు జవాబివ్వు అని. చివరి రెండింటిలోనే "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచియున్నాను" అనే మాట వస్తుంది. ఆ వరసను అలాగే తీసుకుని మీ సొంత మాటల్లో ఒక కీర్తన రాసుకోండి. మొదట ప్రశ్నలు, తర్వాత ఏం కావాలో అది, చివర నమ్మకం. చివరి ముక్క రాయలేకపోతే దావీదు రాసిందే చూసి రాయండి. ఆ రోజుకు ఆయన నమ్మకాన్ని అప్పు తెచ్చుకున్నా ఫర్వాలేదు.

నేను రాసుకున్నదాంట్లో మొదటి ముక్క ఇది: "ప్రభువా, ఇంకెన్నాళ్లు ఆ మెయిల్ కోసం చూడాలి? రాత్రిళ్లు ఆయన లేచి హాల్లో తిరుగుతుంటే, నిద్రపోతున్నట్టు ఎన్నాళ్లు నటించాలి? పిల్లలు స్కూలు టూరుకు డబ్బు అడిగితే ఎన్నాళ్లు మాట మార్చాలి?" దీన్ని స్నానాల గదిలో కుళాయి తిప్పి పెట్టి, పైకే చదివేదాన్ని. పిల్లలకు వినపడకూడదని కుళాయి, నాకు వినపడాలని పైకి చదవడం. మనసులో అనుకుంటే ఆలోచన గిర్రున తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది. పైకి అంటే వాక్యానికి ఒక చివర ఉంటుంది. మీకూ ఇదే చెబుతాను, గొంతు విప్పండి.

కొన్ని రోజులు చివరి ముక్క అసలు రాదు. అలాంటప్పుడు 88వ కీర్తన ఉంది. దాని ఆఖరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". అంతే, అక్కడితో కీర్తన అయిపోయింది. ఓదార్పు లేదు, హల్లెలూయా లేదు. అది కూడా ప్రార్థనేనని ఒప్పుకునే గ్రంథం మన చేతిలో ఉంది కాబట్టి, మీ ప్రార్థన చీకట్లోనే ముగిసిన రోజున తప్పు చేశామన్న బెంగ పెట్టుకోకండి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని మార్కు సువార్తలో ఒక తండ్రి ఏడుస్తూ యేసుతో అంటాడు. సగం నమ్మకం, సగం అపనమ్మకం, రెండూ ఒకే ఊపిరిలో. ఆయన కొడుకు బాగయ్యాడు.

భయానికి పేరు పెట్టండి

"టెన్షన్‌గా ఉంది, ప్రార్థన చేయండి" అని వచ్చినవాళ్లను నేను వెంటనే మోకాళ్ల మీదికి తీసుకెళ్లను. నోట్‌బుక్ ఇచ్చి, దేనికి భయపడుతున్నావో ఒక్క వాక్యంలో రాయమంటాను. రాశాక "సరే, అలా జరిగితే ఏమవుతుంది?" అని అడుగుతాను. దాని కింద ఇంకో వాక్యం రాస్తారు. మళ్లీ అదే ప్రశ్న. నాలుగైదు సార్లు అడిగేసరికి అసలుది బయటికి వస్తుంది.

నా పేజీ చూపిస్తాను. మొదటి వాక్యం: ఆయన ఉద్యోగం పోతుందేమో. దాని కింద: ఇంటి లోను కట్టలేం. దాని కింద: ఇల్లు అమ్మాల్సి వస్తుంది. దాని కింద: మా అన్నయ్య వాళ్ల ముందు చులకనైపోతాం. అక్కడ పెన్ను ఆగింది. నేను భయపడుతున్నది ఆకలికి కాదని, అన్నయ్య మొహంలో కనిపించబోయే జాలికి అని అప్పటిదాకా నాకే తెలీదు. డబ్బు గురించి ఎంత ప్రార్థించినా మనసు కుదుటపడకపోవడానికి కారణం అదే. నేను అడుగుతున్నది ఒకటి, నన్ను తినేస్తున్నది ఇంకోటి. అసలు భయం తెలిశాక ప్రార్థన మారింది, ఎదుర్కోవడమూ సులువైంది. అన్నయ్యకు నేనే ఫోన్ చేసి విషయం చెప్పేశాను.

ఆ పేజీని తిప్పి, వెనక నిలువుగా గీత గీయండి. ఎడమ పక్క ఈరోజు నేను చేయగలిగినవి. కుడి పక్క నా చేతిలో లేనివి. ఎడమ పక్కవి పనులు, కుడి పక్కవి ప్రార్థనలు. మా ఎడమ పక్కన ఉన్నవి చాలా మామూలువి: లోను వాయిదాలు కొన్నాళ్లు ఆపుతారేమో బ్యాంకులో కనుక్కోవడం, ఆయన రెజ్యూమె సరిచేయడం, నెల ఖర్చులు రాసుకోవడం. కుడి పక్కన ఒకే ఒక్కటి, జాబితాలో పేరు ఉంటుందా లేదా.

రెండు పక్కలూ కలగలిపేస్తేనే గొడవ. కొందరు ఎడమ పక్కవి కూడా దేవుడి మీద వేసి కూర్చుంటారు, దానికి విశ్వాసమని పేరు పెడతారు. నెహెమ్యా అలా చేయలేదు. యెరూషలేము గోడ కడుతుంటే శత్రువులు దాడి చేస్తామని బెదిరించారు. నెహెమ్యా గ్రంథం నాలుగో అధ్యాయం తొమ్మిదో వచనం చూడండి, దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కాపలా పెట్టారు. ఒకే వచనంలో రెండూ. 1527లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ ఊరు వదలకుండా ఉండిపోయి, ప్లేగు నుంచి పారిపోవచ్చా అని అడిగిన తోటి బోధకులకు ఉత్తరం రాశాడు. కాపాడమని దేవుణ్ణి అడుగుతాను, ఆ తర్వాత ఇంట్లో ధూపం వేస్తాను, మందు వాడతాను, నా అవసరం లేని చోటికి వెళ్లను, పొరుగువాడికి నా అవసరం పడితే మాత్రం వెళ్తాను అన్నది ఆ ఉత్తరంలో ఆయన చెప్పిన మాటల సారాంశం. ప్రార్థన చేసి మందు వేసుకోవడం అవిశ్వాసమేమో అని ఆయనకు సందేహం రాలేదు.

రోజుకు కంచె వేయండి

ఇశ్రాయేలీయులకు అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం, మన్నా, ఏ రోజుకు ఆ రోజే దొరికేది. రేపటికి ఉంటుందని దాస్తే ఆ మన్నాకు పురుగులు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రమే రెండింతలు ఏరుకోమన్నాడు దేవుడు. యేసు నేర్పిన ప్రార్థనలో కూడా అడగమన్నది "నేడు" కావలసిన ఆహారమే. కొండమీద ప్రసంగంలో "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నప్పుడు, కీడు ఉండదని ఆయన అనలేదు. ఉంటుంది, ఒక్క రోజుది మాత్రమే మోయండి అన్నాడు.

దీన్ని ఆచరణలో పెట్టాలంటే మనసుకు నచ్చజెప్పడం సరిపోదు, గడియారం కావాలి. ఆలోచించడానికి రోజులో ఒక వేళ పెట్టుకోండి. సాయంత్రం అరగంట చాలు. లెక్కలు, ఫోన్లు, "ఒకవేళ ఇలా అయితే" అన్న మాటలు అన్నీ అప్పుడే. మిగతా సమయంలో ఆ ఆలోచన వస్తే కాగితం మీద ఒక్క ముక్క రాసి, దాని వేళకు వదిలేయండి. మా ఇంట్లో రాత్రి భోజనం అయ్యాక ఉద్యోగం ఊసు ఎత్తకూడదని ఒప్పందం. పాటించడం కష్టమైంది, ముఖ్యంగా ఆయనకు. అయినా తప్పినప్పుడల్లా ఒకరికొకరం గుర్తు చేసుకునేవాళ్లం.

ఇక అర్ధరాత్రి మెలకువ సంగతి. రెండుకో మూడుకో కళ్లు తెరుచుకుంటాయి, గుండె దడదడలాడుతుంటుంది, చేయి దానంతటదే ఫోన్ వైపు వెళ్తుంది. ఆ వేళలో మామూలుగా ఏ కంపెనీ మెయిల్ పంపదు, ఏ ల్యాబూ రిపోర్టు అప్‌లోడ్ చేయదు. అయినా చూస్తాం. ఫోన్‌ను వేరే గదిలో ఛార్జింగ్ పెట్టి పడుకోండి. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే, ఆ కాల్స్ మాత్రం మోగేలా పెట్టి దూరంగా ఉంచండి. మెలకువ వచ్చినప్పుడు పెద్ద ప్రార్థన జోలికి పోవద్దు, ఆ వేళలో పెద్ద ప్రార్థన పెద్ద దిగులుగా మారిపోతుంది. ఒక చిన్న వచనాన్ని ఊపిరితో కలపండి. నాది 56వ కీర్తన మూడో వచనం. ఊపిరి తీసుకుంటూ "నాకు భయము సంభవించు దినమున", మెల్లగా వదులుతూ "నిన్ను ఆశ్రయించుచున్నాను". వదిలే ఊపిరి తీసుకునేదాని కన్నా పొడుగ్గా ఉండాలి. అలా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, శరీరాన్ని దేవుడు అలా చేశాడు. నిద్ర పట్టకపోయినా కంగారు పడకండి. ఆశ్రయించడం అయితే జరిగింది.

శరీరం సంగతి మరిచిపోకండి

1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసెయ్యమని దేవుణ్ణి అడుగుతాడు. అంతకుముందు అధ్యాయంలోనే ఆకాశం నుంచి అగ్ని దింపిన మనిషి! దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. "నీ విశ్వాసం ఏమైంది?" అనలేదు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తిని, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, లేచి తిను అన్నాడు. దేవుడు ఆయనతో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు కొండ దాకా నడిచాక. నిద్ర, తిండి, నిద్ర, తిండి, అప్పుడు మాట. దిగులుతో తిండి మానేసి, దానికి ఉపవాస ప్రార్థన అని పేరు పెట్టుకునేవాళ్లకు నేను ఈ అధ్యాయమే చదివి వినిపిస్తాను.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నా, ఉన్నట్టుండి ఊపిరాడనట్టు అవుతున్నా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే అదే గంటలో పక్కనున్న మనిషికి చెప్పాలి, ఆసుపత్రికి వెళ్లాలి, ఆదివారం దాకా ఆగకూడదు. అపొస్తలుడైన పౌలుతో తిరిగిన లూకా వైద్యుడే, కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు ఆయన్ని ప్రియమైన వైద్యుడు అంటాడు. చార్లెస్ స్పర్జన్ లండన్‌లో వేలమందికి బోధించినవాడు. 1856లో ఆయన ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో నిప్పు అని అరవడంతో తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు, అప్పటికి ఆయన వయసు 22. ఆయన జీవితమంతా దిగులు జబ్బుతో పోరాడాడు, ఆ మాట బోధపీఠం మీద నుంచే చెప్పేవాడు. డిప్రెషన్‌కు మందు వేసుకుంటున్న చెల్లెలిని "నీకు ప్రార్థన చాలట్లేదు" అనేవాళ్లు ఒకసారి ఆయన్ని గుర్తు చేసుకుంటే బాగుంటుంది.

మనుషుల దగ్గర ఏం అడగాలి

యేసు గెత్సేమనే తోటలో ముగ్గురు శిష్యులను వెంట తీసుకెళ్లి, నా ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉంది, నాతో కలిసి మెలకువగా ఉండండి అన్నాడు. ఆయనకే తోడు కావాలనిపించింది. మనకెందుకు మొహమాటం? (వాళ్లు నిద్రపోయారు, అదీ నిజమే. మనుషుల మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చో కూడా అక్కడే ఉంది.)

విషయం సంఘం మొత్తానికి చెప్పనక్కర్లేదు. పెద్ద గ్రూపులో పెడితే చేతులు జోడించిన బొమ్మలు బోలెడు వస్తాయి, ఒక్కరూ ఇంటికి రారు. ఇద్దరినో ముగ్గురినో ఎంచుకోండి, మాట బయటికి పొక్కనివ్వనివాళ్లను. అడిగేది స్పష్టంగా అడగండి: "మంగళవారం పదింటికి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, ఆ సమయంలో ప్రార్థన చేస్తావా?" "సాయంత్రం మా పిల్లల్ని రెండు గంటలు చూసుకుంటావా?" "సలహా ఏమీ వద్దు, పది నిమిషాలు విను చాలు."

కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి మీరే వెళ్తుంటే, అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితుల మొదటి వారం చూసి నేర్చుకోండి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా నేల మీద అతనితో కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడు చేశారు. వచనాలు విసరకండి. ముఖ్యంగా యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం, మీ గురించి నా ఉద్దేశాలు మంచివే, హాని కోసం కాదు అన్నది. అది బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరం. దానికి ముందు వచనంలో 70 ఏళ్ల తర్వాత వెనక్కి రప్పిస్తానని ఉంది. అంటే అది విన్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే కన్నుమూశారు. అంతకన్నా ముందు, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని ఉంది. వచ్చే వారం ఉద్యోగం వస్తుందని చెప్పడానికి ఆ వచనం వాడితే, రానప్పుడు ఆ మనిషి దేవుణ్ణి అబద్ధికుడు అనుకుంటాడు. మొత్తం ఉత్తరం చదివితే మాత్రం, ఎదురుచూపు పొడుగైనవాళ్లకు అందులో గొప్ప బలం ఉంది.

చేయకూడనివి

కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనమే జవాబు అనుకోవద్దు. ఉద్యోగం నిలబడితే ఇంత ఇస్తానని బేరం పెట్టొద్దు. తొందరపడి మొక్కుకున్న యెఫ్తా కథ న్యాయాధిపతులు 11వ అధ్యాయంలో ఉంది, చదివితే ఆ కోరిక పోతుంది. డబ్బు పంపితే మీ సమస్యకు ప్రవచనం చెబుతామనేవాళ్లకు రూపాయి కూడా పంపొద్దు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. భయపడ్డ మనిషి జేబు తేలిగ్గా తెరుచుకుంటుందని వాళ్లకు బాగా తెలుసు.

కృతజ్ఞత గురించి ఒక్క మాట. పౌలు ఫిలిప్పీయులకు చింతపడకండి, కృతజ్ఞతతో అడగండి అని రాసింది సంకెళ్లలో ఉండి. అందుకే ఆ మాట నాకు చేదుగా అనిపించదు. అయితే "అన్నిటి కోసం వందనాలు" అంటే మనసుకు ఏమీ తగలదు. రాత్రి పడుకునే ముందు ఆ రోజులో జరిగినది ఒక్కటి, వివరంగా చెప్పండి. నేను చెప్పినవాటిలో ఒకటి: "ఈరోజు ఆయన పాప లెక్కల హోంవర్క్ చేయిస్తూ నవ్వారు, అందుకు వందనాలు."

వార్త వచ్చాక

మా ఆయన పేరు జాబితాలో ఉంది. పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వదలని ఒక బాధ, తీసేయమని మూడుసార్లు వేడుకుంటే, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". ముల్లు పోలేదు. మాకూ అలాంటి జవాబే వచ్చింది. వార్త మీకూ చెడ్డదే అయితే, ఆ రోజు పెద్ద నిర్ణయాలు ఏవీ తీసుకోకండి. ఇల్లు అమ్మాలా, ఊరు మారాలా, అవన్నీ తర్వాత. ప్రార్థించడం మీవల్ల కాకపోతే, ముందే ఎంచుకున్న ఆ ఇద్దరిని రమ్మని, వాళ్లను ప్రార్థించమనండి. పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి కిందికి దించినప్పుడు, యేసు "వారి విశ్వాసము" చూశాడని మార్కు రాశాడు. మా ఇంటికి వచ్చిన జంట 13వ కీర్తన చదివారు, ఆ తర్వాత ఆ జంటలోని భర్త మా ఆయన రెజ్యూమె తీసుకుని తనకు తెలిసినవాళ్లకు పంపాడు. నోట్‌బుక్‌లో మళ్లీ కొత్త పేజీ తీసి గీత గీశాం. ఈసారి ఎడమ పక్క పెద్దగా ఉంది.

వార్త మంచిదైతే సంతోషించండి, సాక్ష్యం చెప్పండి. అయితే చెప్పేముందు సంఘంలో వరసల్లో ఎవరెవరు కూర్చున్నారో చూసుకోండి. "మేం ప్రార్థించాం కాబట్టి మా ఉద్యోగం నిలబడింది" అన్న మాట, మీ అంతే ప్రార్థించి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ల చెవిలో ఎలా పడుతుందో నేను ఆ వరసలో కూర్చుని విన్నాను. "నిలబడింది, దేవునికి స్తోత్రం" అని అక్కడ ఆపేయొచ్చు. కూటం అయ్యాక పేరు జాబితాలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి, మీ ఆఫీసులోనో తెలిసినచోటో ఖాళీ ఏదైనా ఉందేమో చెప్పండి.